నొప్పి గోళీలు: మా కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో పదహారేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. నాట్లప్పుడూ, పత్తి ఏరేటప్పుడూ మా షాపులో బీపీ, షుగర్ మందుల కన్నా నొప్పి గోళీలే ఎక్కువ పోతాయి. వాటి గురించి జనం అడిగే ప్రశ్నలను దాదాపు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కాదు.

నొప్పి గోళీలన్నీ ఒకటే కదా?

కావు. షాపులో దొరికేవాటిని రెండు కుప్పలు చేసుకోండి. మొదటి కుప్పలో పారాసిటమాల్ ఒక్కటే. డోలో, కాల్పాల్, క్రోసిన్ పేర్లు వేరైనా మందు అదే. నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది, వాపు మీద పెద్దగా పనిచేయదు.

రెండో కుప్పలో వాపును కూడా తగ్గించే నొప్పి మందులుంటాయి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, మెఫనమిక్ యాసిడ్, కెటోరోలాక్, ఇటోరికాక్సిబ్ అన్నీ ఈ జాతే. డాక్టర్లు వీటిని ఎన్‌ఎస్‌ఏఐడీలు అంటారు. ఆస్పిరిన్ ఈ కుటుంబానికి పెద్ద. కాంబిఫ్లామ్ లాంటివి రెండు కుప్పలూ కలిపినవి, అందులో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉంటాయి.

ఇక్కడ చెప్పబోయేదంతా రెండో కుప్ప గురించే. అలాగని పారాసిటమాల్‌ను బుక్కెడు బుక్కెడు మింగమని కాదు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కు ముప్పు. 650 గోళీలు ఆరు వేసుకుంటే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. సన్నగా, బలహీనంగా ఉన్నవాళ్లకూ, రోజూ తాగేవాళ్లకూ ఆ గీత ఇంకా కిందే ఉంటుంది.

నొప్పి తగ్గించే గోళీ కడుపును, కిడ్నీని ఎందుకు పట్టుకుంటది?

దెబ్బ తగిలినచోట, అరిగిన కీలు దగ్గర మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. నొప్పి, వాపు, వేడి వాటి వల్లే. ఆస్పిరిన్ లాంటి మందులు ఈ తయారీని ఆపుతాయని 1971లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే ఆస్పిరిన్ 70 ఏళ్లకు పైగా అమ్ముడవుతోంది. ఎట్లా పనిచేస్తుందో తెలియకుండానే అంతకాలం వాడారన్నమాట.

చిక్కేమిటంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్లకు వేరే పనులు కూడా ఉన్నాయి. కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేది అవే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం ఆగకుండా చూసేదీ అవే. బోరుకు కరెంటు తీసేస్తే ఒక్క మడికే నీళ్లు ఆగవు, అదే బోరు మీద ఉన్న ఇంటి ట్యాంకుకూ ఆగుతాయి. గోళీ మోకాలిని వెతుక్కుంటూ పోదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మోకాలు హాయిగా ఉందంటే అదే సమయంలో కడుపులో, కిడ్నీలో కూడా దాని పని అది చేస్తూనే ఉంటుంది.

మూడు రకాల గోళీలు ఇచ్చిండ్రు, మూడూ వేసుకోవాల్నా?

ముందు ఆ మూడింటి పేర్లు చదవాలి. పోయిన పత్తి సీజన్‌లో ఒక అవ్వ నల్ల పాలిథిన్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి కొన్ని, పట్నంలో కొడుకు కొనిచ్చినవి కొన్ని, పక్కింటామె "నాకు మంచిగ పనిచేసినయ్" అని ఇచ్చినవి కొన్ని. ఒకటి గులాబీ రంగు, ఒకటి తెలుపు, ఒకటి నారింజ. "పొద్దున తెల్లది, పగటీలి ఎర్రది, రాత్రి ఇది" అని లెక్క చెప్పింది. అట్ట వెనక సన్న అక్షరాలు చదివితే మూడింట్లోనూ అసిక్లోఫెనాక్ ఉంది. ఒకదాంట్లో ఒంటరిగా, ఒకదాంట్లో పారాసిటమాల్‌తో, ఇంకోదాంట్లో వాపు తగ్గిస్తుందని చెప్పే సెరాషియోపెప్టిడేజ్‌తో కలిపి. అవ్వ దృష్టిలో మూడు మందులు. ఆమె కడుపు దృష్టిలో ఒకటే మందు, మూడుసార్లు.

అసిక్లోఫెనాక్ మామూలు మోతాదు 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. రెండో కుప్పలోవి వేర్వేరు పేర్లవైనా రెండు కలిపి వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ఇందులో మా షాపుల తప్పు కూడా ఉంది. నాలుగు గోళీలు అడిగితే కత్తెరతో అట్టను కత్తిరించి ఇస్తాం. మందు పేరు ఒక ముక్కలో, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కలో పోతాయి. కొనేటప్పుడు పేరున్న వైపు ముక్క ఇమ్మని అడగండి, లేకపోతే కవరు మీద రాయించుకోండి. విసుక్కుంటే విసుక్కోనీయండి.

అన్నం తిన్నంక వేసుకుంటే కడుపుకు ఏం కాదు గదా?

మంట, వికారం కొంత తగ్గొచ్చు. పుండు పడకుండా అన్నం ఆపలేదు. పైన చెప్పినట్టు దెబ్బ రక్తం ద్వారా తగులుతుంది, గోళీ కడుపు గోడకు తాకడం వల్ల ఒక్కటే కాదు.

మా అమ్మ సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు నాది. మోకాళ్ల నొప్పులకు ఆరు నెలలు అసిక్లోఫెనాక్ నేనే ఇచ్చాను, తప్పకుండా అన్నం తర్వాతే. ఒక్కరోజు కూడా కడుపు నొప్పి అనలేదు. విరేచనం నల్లగా వస్తోందని ఒకసారి అంటే, ఐరన్ గోళీలు వాడుతున్నావు కదా, దానివల్లే అన్నాను. మెట్లెక్కితే ఆయాసపడుతుంటే వయసు అనుకున్నాను. చివరికి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6. కెమెరా వేసి చూస్తే కడుపులో పుండు, అందులోంచి బొట్టుబొట్టుగా రక్తం. మూడు రక్తం ప్యాకెట్లు ఎక్కించాల్సి వచ్చింది.

ఐరన్ గోళీ వల్ల వచ్చే విరేచనం నల్లగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. పుండు నుంచి కారిన రక్తం అయితే తారులాగ మెరుస్తూ, జిగటగా, విపరీతమైన వాసనతో వస్తుంది. ఈ తేడా నాకు చదువులో చెప్పారు, ఇంట్లో గుర్తుకు రాలేదు. ఇంకోమాట, ఈ మందుల వల్ల రక్తం కారి దవాఖానలో చేరేవాళ్లలో చాలామందికి ముందు కడుపు నొప్పే ఉండదు. నొప్పి తెలియకుండా చేసే గోళీయే వేసుకుంటున్నారు కదా.

సూది అయితే కడుపు జోలికి పోదు గదా?

పోతుంది. డైక్లోఫెనాక్ సూది వేసినా, మలద్వారంలో పెట్టే గోళీ వాడినా కడుపుకు, కిడ్నీకి ప్రమాదం అట్లాగే ఉంటుంది. సూదికి దానిదే ఇంకో ముప్పు కూడా ఉంది. పిర్రకు తప్పుచోట గుచ్చితే కాలికి పోయే నరం దెబ్బతిని పాదం వేలాడిపోతుంది. గోళీ మింగగలిగినవాళ్లకు సూది ఎందుకో నాకు అర్థం కాదు. "సూది ఏస్తేనే డాక్టరు" అనే నమ్మకం తప్ప వేరే కారణం చాలాసార్లు కనబడదు.

గ్యాస్ గోళీ కలిపి వేసుకుంటున్న, ఇంక భయం లేదా?

కడుపు వరకు చాలా మేలే. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటే కడుపులో, దాని కింద పేగు మొదట్లో పుండ్లు పడే అవకాశం బాగా తగ్గుతుంది. అరవై దాటినవాళ్లు, ఇంతకుముందు అల్సర్ వచ్చినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు నొప్పి గోళీ తప్పనిసరి అయితే ఇది లేకుండా వేసుకోవద్దు. కానీ ఈ గోళీ కిడ్నీని కాపాడదు, గుండెను కాపాడదు. చిన్నపేగు కిందిభాగాన్ని కూడా కాపాడదు.

ఒకటి రెండు గోళీలకే కిడ్నీలు పోతయా?

ఆరోగ్యంగా ఉన్న మనిషి, నీళ్లు బాగా తాగుతూ, రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. అనవసరంగా టెన్షన్ పడొద్దు. ప్రమాదం ఎప్పుడంటే, కిడ్నీకి పోయే రక్తం ముందే తగ్గి ఉన్నప్పుడు. మన దగ్గర అట్లాంటి సందర్భాలు తక్కువేం కాదు.

ఎండ మొదటిది. మే నెలలో మనవైపు 44, 45 డిగ్రీలు మామూలైపోయింది. ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వేవాళ్లు, పాలమూరు నుంచి మేస్త్రీల వెంట ఊళ్లు దాటి కాంక్రీట్ పనికి పోయేవాళ్లు పొద్దంతా చెమట కారుస్తారు. మూత్రానికి పోవాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఒక గోళీ, రేపు పనికి లేవాలని పొద్దున్నే ఇంకోటి. నీళ్లు ఎండిన ఒంట్లో కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్ల సాయంతోనే రక్తం తెచ్చుకుంటుంది. గోళీ సరిగ్గా ఆ సాయాన్నే తీసేస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నరోజు నొప్పి గోళీ వద్దనేది కూడా ఇందుకే.

బీపీ గోళీలు రెండోది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి ఒక రకం. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ ఇంకో రకం. ఈ రెండూ కలిసి ఒకే గోళీలో రావడం చాలా మామూలు, పేరు చివర 'హెచ్' అని ఉంటే తరచుగా అదే. వీటికి నొప్పి గోళీ తోడైతే కిడ్నీ మీద మూడువైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. దీన్ని డాక్టర్లు మూడు దెబ్బలు అంటారు. మన దగ్గర మోకాళ్ల నొప్పులూ బీపీ ఒకే వయసులో వస్తాయి కాబట్టి ఈ మూడూ ఒకే సంచిలో కనబడుతుంటాయి. అట్లాగని బీపీ గోళీ మానేయొద్దు. మానాల్సింది నొప్పి గోళీ.

షుగర్ ఉన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, అరవై అయిదు దాటినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

కిడ్నీ నొప్పి పెట్టి చెప్పదు. కొత్తగా తగిలిన దెబ్బ అయితే గోళీ ఆపేస్తే చాలామందిలో కోలుకుంటుంది, ఏళ్ల తరబడి వాడినదైతే ఆ హామీ లేదు. నెలలో పదిరోజులకు పైగా నొప్పి గోళీ వేసుకునేవాళ్లు ఆరునెలలకోసారి కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోవాలని నేను చెప్తుంటాను. పీహెచ్‌సీలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. క్రియాటినిన్ "నార్మల్" అని వచ్చినా ఒంట్లో కండ లేని ముసలివాళ్లలో అది మోసం చేస్తుంది, అందుకని ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క, ఎంతో అడగండి.

మాది ఫ్లోరైడ్ ఊరు. నొప్పులు పుట్టుకతోనే ఉన్నయ్. గోళీలు లేకుంటే ఎట్లా?

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ ప్రశ్న అడిగితే నా దగ్గర తేలిక జవాబు లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లను తరాల తరబడి తాగిన ఊళ్లవి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని తయారుచేసింది. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది ఇట్లా. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక కొత్తగా పుట్టిన పిల్లల సంగతి వేరు. కానీ ఇప్పటికే గట్టిపడిన వెన్నుపూస, బిగుసుకున్న స్నాయువులు నీళ్లు మారినంత మాత్రాన వెనక్కి రావు.

ఆ నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తే కొన్ని గంటలు తగ్గుతుంది. ఎముకలోని ఫ్లోరైడ్ ఒక్క పిసరు కూడా కదలదు. అంతకన్నా ముఖ్యమైన మాట, ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్ బయటికి పోయే దారి మూత్రం. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ లోపలే ఎక్కువ నిలుస్తుంది. అంటే ఫ్లోరైడ్ నొప్పికి రోజూ గోళీ మింగి కిడ్నీని పాడుచేసుకుంటే, నొప్పికి మూలమైనదాన్నే ఒంట్లో దాచుకున్నట్టు. ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లు అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇందుకే. జరిగేది మాత్రం తిరగబడి ఉంది, అందరికన్నా ఎక్కువ గోళీలు వాళ్లే మింగుతున్నారు.

మరి ఏం చేయాలి? తాగడానికే కాదు, వంటకూ బోరు నీళ్లు వాడొద్దు. చాలా ఇళ్లల్లో తాగడానికి నల్లా నీళ్లు, పప్పు బాగా ఉడుకుతుందనో అలవాటనో వంటకు బోరు నీళ్లు వాడుతున్నారు. పాలు, రాగులు, ఆకుకూరలు పెరగాలి. నొప్పికి మొదట పారాసిటమాల్, కాపడం, పైపూత. రెండో కుప్ప గోళీ తీవ్రంగా ఉన్న రోజుల్లో మాత్రమే, మధ్యలో ఖాళీ ఇస్తూ.

ఇంకోటి కూడా గమనించండి. ఫ్లోరైడ్ ఊళ్లో ఏ కీలు నొచ్చినా "ఫ్లోరైడే" అనేస్తాం. పొద్దున లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుని, రెండు చేతుల వేలి కణుపులూ వాచి ఉంటే అది కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దానికి వేరే మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే వేళ్లు వంకర పోవు. నొప్పి గోళీతో కాలం వెళ్లదీస్తే ఆ అవకాశం దాటిపోతుంది.

గుండెకు కూడా ప్రమాదమేనా?

అవును, ఇది చాలామందికి తెలియదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందు 1999లో వచ్చింది. కడుపుకు మేలని ప్రపంచమంతా విరివిగా వాడారు. గుండెపోటు, పక్షవాతం పెరుగుతున్నాయని తేలడంతో 2004 సెప్టెంబరులో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత చూస్తే ఈ ప్రమాదం ఆ ఒక్కదానిదే కాదని అర్థమైంది. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరికను గట్టి చేసింది. ఆస్పిరిన్ తప్ప మిగతా ఎన్‌ఎస్‌ఏఐడీలతో వాడటం మొదలుపెట్టిన మొదటి వారాల్లోనే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరగొచ్చని, మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని చెప్పింది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు డైక్లోఫెనాక్ వాడకూడదని యూరప్‌లో 2013 నుంచే నియమం ఉంది. మన దగ్గర వాళ్లకే ఆ సూది వేయడం నేను చూశాను.

బీపీ కూడా పెరుగుతుంది, కాళ్లకు నీరొస్తుంది. "గోళీలు మంచిగనే వేసుకుంటున్న, బీపీ దిగుతలేదు" అనేవాళ్లను నేను మొదట అడిగేది నొప్పి గోళీ సంగతే.

గుండెకు రాసిన ఆస్పిరిన్ కూడా ఆపాల్నా?

వద్దు. 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ గుండె డాక్టర్ రాసిన లెక్క వేరు, సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. అది వాడుతూ ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పనిని అది అడ్డుకుంటుంది, అందుకని డాక్టర్‌ని అడగకుండా కలపొద్దు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే ఈ గోళీల వల్ల రక్తం కారే ముప్పు చాలా ఎక్కువ.

ఎన్ని రోజులు వేసుకోవచ్చు?

బెణికితే, పన్ను నొప్పి అయితే, తక్కువ మోతాదులో మూడు నుంచి అయిదు రోజులు. ఐబుప్రోఫెన్ 400 అయితే రోజుకు మూడు మించొద్దు, డైక్లోఫెనాక్ రోజు మొత్తానికి 150 మిల్లీగ్రాములు దాటొద్దు. పన్ను నొప్పికి ఇచ్చే కెటోరోలాక్ అయిదు రోజులే, దాన్ని నెలంతా వాడినవాళ్లను చూశాను. అయిదు రోజులకూ తగ్గకపోతే గోళీ మార్చడం కాదు, ఎందుకు నొస్తోందో చూపించుకోవాలి.

జ్వరమొస్తే, ఒళ్లు నొప్పులుంటే వేసుకోవచ్చా?

వానాకాలంలో అస్సలు వద్దు. డెంగ్యూలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ సమయంలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగ్యూ కాదని తేలేదాకా పారాసిటమాల్, నీళ్లు, అంతే. జ్వరం తొందరగా దిగుతుందని నిమెసులైడ్, పారాసిటమాల్ కలిపిన గోళీ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నిమెసులైడ్ లివర్‌ను దెబ్బతీస్తోందని ఫిన్లాండ్, స్పెయిన్ 2002లో, ఐర్లండ్ 2007లో ఆపేశాయి. అమెరికాలో దానికి అనుమతే రాలేదు.

పిల్లలకు?

నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి. ఆస్పిరిన్ కూడా పిల్లలకు జ్వరంలో ఇవ్వకూడదు. పారాసిటమాల్ సిరప్ అయినా వయసు చూసి కాదు, బరువు చూసి ఇవ్వాలి.

కడుపుతో ఉన్నామె వేసుకోవచ్చా? నెలసరి నొప్పికి?

అయిదో నెల నుంచి రెండో కుప్ప పూర్తిగా వద్దు. ఇరవై వారాల తర్వాత వాడితే లోపలి బిడ్డ కిడ్నీ మందగించి ఉమ్మనీరు తగ్గుతుంది, చివరి నెలల్లో బిడ్డ గుండెలోని రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. మొదటి నెలల్లో కూడా డాక్టర్ చెప్తేనే. ప్రసవమయ్యాక, పాలిచ్చే తల్లికి ఐబుప్రోఫెన్ ఫర్వాలేదు.

నెలసరి నొప్పికి మెఫనమిక్ యాసిడ్ బాగానే పనిచేస్తుంది, నెలకు రెండు మూడు రోజులే కాబట్టి ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి నేను అడ్డు చెప్పను. అయితే దానివల్ల అరుదుగా డ్రెస్ అనే తీవ్రమైన అలర్జీ వస్తోందని భారత ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. గోళీ మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒంటి మీద దద్దు, జ్వరం, మెడ దగ్గర గడ్డలు కనబడితే వెంటనే ఆపి దవాఖానకు పోవాలి.

ఆయాసం ఉన్నోళ్లు?

కొందరికి ఒక్క గోళీతోనే ఆయాసం ముంచుకొస్తుంది. ఇంతకుముందు అట్లా అయితే మందు పేరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, పళ్ల డాక్టర్‌కు కూడా చూపించండి.

కల్లు తాగి వేసుకోవచ్చా?

సారా తాగినా, కల్లు తాగినా కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కల్తీ కల్లులో నిద్రమందు కలుపుతారన్నది పాలమూరులో ఎవరికీ కొత్త సంగతి కాదు. అది తాగినవాళ్లకు కడుపు నొప్పీ తెలియదు, కాళ్ల నొప్పీ తెలియదు.

గోళీల కన్నా నాటు పొడి మంచిది గదా? మూడు రోజుల్లో నొప్పి మాయమైంది.

మూడు రోజుల్లో పాత నొప్పి మాయమైతే నాకు అనుమానం ఎక్కువవుతుంది. పేరు, తయారీ వివరాలు లేని పొడుల్లో, పొట్లాల్లో స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ కలపడం ఎన్నోసార్లు బయటపడింది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్ ఎక్కడం కనబడితే స్టెరాయిడ్ ఉందని అనుకోవచ్చు. నెలలు వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే కూడా ప్రమాదమే, డాక్టర్ దగ్గర మెల్లగా మాన్పించుకోవాలి. రెండో కుప్ప గోళీతో స్టెరాయిడ్ కలిస్తే పుండు పడే అవకాశం ఎన్నో రెట్లు.

అయితే నొప్పిని ఓర్చుకోవాల్నా?

ఓర్చుకోమని ఎవరూ అనరు. మోకాలు, చేతి వేళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ మంచి మార్గం. గోళీతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు వారాలు రాయాలి. ఒకసారి రాసి "పని చేస్తలేదు" అంటే లాభం లేదు. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టి దించడం, పూటకు పదిసార్లు. నేల మీద గొంతుక్కూర్చుని కలుపు తీసే పని తగ్గించమంటే "మరి ఎవరు తీస్తరు" అంటారు, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

చీటీ లేకున్నా మీరే ఇస్తరు కదా?

నిజమే. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వకపోతే వీధి చివర షాపులో ఇస్తారని నేనూ ఏళ్ల తరబడి ఇచ్చాను. అమ్మ సంగతి తర్వాత మూడు ప్రశ్నలు అడగకుండా ఇవ్వడం లేదు. బీపీ గోళీ వాడుతున్నారా, ఎప్పుడైనా అల్సర్ అయిందా, ఇంట్లో వేరే నొప్పి గోళీ ఉందా. కొందరు కోపంతో వెళ్లిపోతారు. మందు వల్ల చెడు జరిగితే ఫిర్యాదు చేయడానికి ఫార్మకోవిజిలెన్స్ వాళ్ల ఉచిత నంబరు 1800-180-3024 ఉంది, మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు.

ఎప్పుడు దవాఖానకు ఉరకాలి?

తారులాంటి విరేచనం, కాఫీ పొడిలాంటి వాంతి, ఛాతీలో నొప్పి, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం, ముఖం వాపు, ఊపిరాడకపోవడం. వీటిల్లో ఏది కనబడినా గోళీ ఆపి అదే రోజు వెళ్లాలి, తెల్లారనీయొద్దు. పోయేటప్పుడు గోళీల సంచి మొత్తం తీసుకుపోండి.

మిగిలిన గోళీలు బర్రెకు వేయొచ్చా? కుంటుతుంది.

నవ్వొచ్చినా ఇది తరచుగా అడిగే ప్రశ్నే. వేయొద్దు. డైక్లోఫెనాక్ వేసిన పశువు చనిపోతే ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం ఇదేనని తేలాక 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. అసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గా మారుతుంది కాబట్టి 2023లో దాన్నీ, కెటోప్రోఫెన్‌నూ ఆపారు. ఊరి బయట చచ్చిన ఎద్దు మీద వాలే రాబందులను మా నాయిన వయసువాళ్లు చూశారు, నేను చూడలేదు. బర్రె కుంటుతుంటే పశువుల దవాఖానకు తోలుకుపోయి మెలోక్సికామ్ ఉందేమో అడగండి, అది రాబందులకు హాని చేయదు.